నీలం పుప్పొడి

మెట్ల కింద శవాన్ని పెట్టుకుని, ఒక పోలీసు మనిషి వెళ్ళి పూలమడిలో బోర్లా పడుకోవడం హాగెన్‌కి సుతరామూ నచ్చలేదు.

"వావ్రా గారూ! శవం ఇటువైపుంది," అన్నాడు నేలకొట్టు తలుపు దగ్గర నిలబడి.

"చూశానయ్యా. ఆవిడ ఎక్కడికీ పోదు. ఇది రేపటికి ఇలా ఉండదు," అన్నాడు వావ్రా తల ఎత్తకుండానే.

క్లెమెంట్ వావ్రా జాబ్లోన్ కౌంటీ షెరీఫ్ ఆఫీసులో పరిశోధకుడు. ఆ చుట్టుపక్కల దొంగతనాలూ తగువులూ ఏళ్ళ తరబడి అతని చేతుల మీదుగానే తేలుతున్నాయి. హాగెన్ రాష్ట్ర పోలీసు తరఫున రాజధాని లింకన్ నుంచి గంట కిందటే దిగాడు. కొత్త టోపీ, మడత నలగని కోటు, కేసు దారిలోనే తేలిపోయిందన్న మొహం. ఇద్దరికీ మొదటి చూపులోనే పడలేదు.

చనిపోయింది విల్మా కోటస్. పొట్టి గడ్డం ఐరిస్ పూలమొక్కలు పెంచడంలో, పువ్వుని పువ్వుతో కలిపి కొత్త రంగులు పుట్టించడంలో నెబ్రాస్కాలో ఆవిడ పేరు చెప్పుకున్న తర్వాతే ఇంకొకరి పేరు. ఇవాళ ఊళ్ళో ఐరిస్ పోటీ. పువ్వు తీసుకుని రావలసిన మనిషి ఎంతకీ రాకపోయేసరికి, పోటీ నడిపే యూనిస్ బార్టెక్ కారేసుకుని వచ్చి చూసింది. పెరట్లో దుంపలు దాచుకునే నేలకొట్టు రాతిమెట్ల అడుగున విల్మా వెల్లకిలా పడి ఉంది. తల వెనక దెబ్బ. రెండు జబ్బల మీదా ఎవరో గట్టిగా పట్టుకుని ఊపినట్టు వేళ్ళ గుర్తులు.

డాక్టరు వచ్చి చూసి వెళ్ళాడు. వాన రాత్రి తొమ్మిదికి మొదలై తెల్లవారుజామున ఆగింది. శవం కింద నేల పొడిగా ఉంది. అంటే వాన మొదలవకముందే ఆవిడ పడిపోయింది. అక్కడిదాకా హాగెన్‌కీ వావ్రాకీ తేడా లేదు. తేడా అంతా పువ్వు దగ్గరే.

అది జానెడు ఎత్తు మొక్క. మెట్ల మీది నుంచి నాలుగంగలేస్తే దాని దగ్గరుంటాం. కొమ్మకి ఒకే ఒక్క పువ్వు. నల్లగా, మడిలో మట్టికంటే నల్లగా ఉంది. పైకి నిలబడే మూడు రేకులూ ఉన్నాయి. కిందికి వాలి ఉండవలసిన మూడు రేకులూ లేవు. ఎవరో మొదలంటా తుంచేశారు.

వాలు రేకు మీద కుచ్చులా ఉండేదే గడ్డం. తేనెటీగ వచ్చి దాని మీదే వాలుతుంది. పువ్వుకి చేత్తో పుప్పొడి అద్దిన వాళ్ళు, ఈగ వచ్చి ఆ పని చెడగొట్టకుండా వాలు రేకుల్ని తుంచేస్తారు. ఈ సంగతి వావ్రాకి పుస్తకాల్లో తెలిసింది కాదు. అతని భార్య లిబ్బీ బతికున్నన్నాళ్ళూ ప్రతి వసంతంలోనూ ఇదే పని చేసేది.

అతను కళ్ళజోడు సవరించుకుని, తన చుబుకాన్ని తడిమట్టికి ఆనించి, పువ్వు లోపలికి చూశాడు. లోపలి చిన్న పెదవి మీద పుప్పొడి ఉంది. పొడిపొడిగా, అద్దినది అద్దినట్టే ఉంది.

అప్పుడు మొక్క పక్కన గులకరాయి కనపడింది. దాని కింద నుంచి నల్లటి అంచు ఒకటి బయటికొచ్చి ఉంది. వావ్రా రాయి ఎత్తాడు. తుంచిన మూడు రేకులూ ఒకదాని మీద ఒకటి పేర్చి, బోర్లించి ఉన్నాయి. గడ్డాలు లేత నీలం.

అతని వీపు మీద ఎవరో చల్లటి చెయ్యి వేసినట్టయింది.

లిబ్బీ అలాగే చేసేది. మిగతావాళ్ళు తుంచిన రేకుల్ని ఎడాపెడా పారేస్తారు. ఆమె మాత్రం పేర్చి, బోర్లించి, గులకరాయి పెట్టేది. ఎందుకే అంటే, "నడుస్తూ చూసినా తెలుస్తుంది, ఈ పువ్వు పని అయిపోయిందని" అనేది. కాసేపాగి, "పైగా వాటిని ఊరికే పారేయడానికి మనసొప్పదు" అనేది. లిబ్బీ పోయి మూడేళ్ళు దాటుతోంది. ఊరి స్మశానంలో ఆమె తల దగ్గర నాటిన పొట్టి ఐరిస్‌లు కూడా ఈ వారమే పూశాయి.

పట్టపగలు, పోలీసుల మధ్య, వావ్రా ఒక్కసారి వెనక్కి తిరిగి చూశాడు. వెనక తడి కంచె తప్ప ఏమీ లేదు. తనమీద తనకే కోపం వచ్చి, రాయిని మళ్ళీ యథాస్థానంలో పెట్టాడు.

"అయిందా పూజ?" అన్నాడు హాగెన్ దగ్గరికొచ్చి.

"హాగెన్, రాత్రంతా వాన. ఈ పుప్పొడి చూడు. తడిస్తే ముద్దయి కొట్టుకుపోయేది. ఇది వాన ఆగిన తర్వాత పెట్టింది. అంటే ఇవాళ పొద్దున."

"అయితే?"

"పొద్దుటికి విల్మా చచ్చిపోయి ఉంది. మరి పెట్టిందెవరు?"

హాగెన్ నవ్వాడు. "ఈ ఊళ్ళో పువ్వుల పిచ్చి లేనిదెవరికి? ఎవరో వచ్చారు, పెట్టారు, పోయారు."

"ఇక్కడ నిలబడి ఆ మెట్లవైపు చూడు."

హాగెన్ చూశాడు. గుడ్డ కప్పిన శవం కాళ్ళు స్పష్టంగా కనపడుతున్నాయి.

"వచ్చినవాడికి ఆవిడ కనపడకుండా ఉండదు. కనపడింది. కనపడ్డాక కూడా మోకాళ్ళ మీద కూర్చుని, చెయ్యి వణక్కుండా ఈ పని చేసి, ఎవరికీ చెప్పకుండా వెళ్ళిపోయారు. ఆ మనిషి కావాలి నాకు. విల్మా అయితే తను కలిపిన ప్రతి పువ్వుకీ చీటీ కట్టేది. చూడు, మిగతావాటికన్నింటికీ ఉన్నాయి. దీనికి లేదు."

"నాకు కావలసిన మనిషి మీ లాకప్‌లోనే ఉన్నాడు," అన్నాడు హాగెన్. "రూడీ షిమెక్. ఈవిడ దగ్గర పాలేరు. నిన్న మధ్యాహ్నం ఈవిడ వాణ్ణి పన్లోంచి తీసేసింది. రోడ్డు మీద నిలబడి నీ అంతు చూస్తానని అరిచాడట. రాత్రి సారా కొట్లో తన్నుకుని దొరికాడు. పాత జైలు పక్షి. ఇంకేం కావాలి?"

"సారా కొట్లో దొరికాడు కాబట్టే ఇవాళ పొద్దున ఇక్కడికి రాలేడు."

"రానక్కర్లేదు. చంపడం నిన్న సాయంత్రం. పువ్వు సంగతి పువ్వుది. అయినా అది మీకంత గొప్ప సాక్ష్యమైతే కోసి సంచిలో వెయ్యండి. లింకన్‌లో పరీక్ష చేయిస్తా."

"కోస్తే కాయ పోతుంది."

అనేశాక వావ్రాకే ఆశ్చర్యం వేసింది. ఆ మాట తనది కాదు, లిబ్బీది.

"కాయా!" హాగెన్ టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. "మీకు వయసైపోయింది వావ్రా గారూ. అయిదింటికి నేను షిమెక్‌ని లింకన్ తీసుకెళ్తున్నా. ఒకసారి అక్కడ నేరం రాశాక మీ పువ్వునీ మిమ్మల్నీ ఎవరూ పిలవరు. ఈలోపు ఏం ఏరుకుంటారో ఏరుకోండి."

వావ్రా లేచి మోకాళ్ళ మట్టి దులుపుకున్నాడు. నేలకొట్టు గట్టు మీద ఖాళీ గాజు జాడీ ఒకటుంటే తెచ్చి పువ్వు మీద బోర్లించాడు. గాలి ఆడాలని అంచు కింద ఒక పుల్ల దోపాడు. పడమటి వైపు మళ్ళీ మబ్బు పడుతోంది.

రూడీ షిమెక్ లాకప్‌లో బల్ల మీద ముడుచుకుని కూర్చుని ఉన్నాడు. కింది పెదవి చిట్లి ఉంది. వావ్రా లోపలికొచ్చి కాగితం పొట్లం విప్పి ముందు పెట్టాడు. గసగసాల ముద్ద పెట్టి కాల్చిన తియ్యరొట్టెలు, కొలాచీలు, పొద్దున్నవి.

"తిను."

"ఆకలి లేదయ్యా."

"తిని మాట్లాడు. ఖాళీ కడుపుతో మనిషి అబద్ధం చెప్తాడు."

రూడీ ఒకటి తీసుకుని కొరికాడు. రెండోది అడక్కుండానే తీసుకున్నాడు. "బాగున్నాయి. ఎవరు చేశారు?"

"మా వదిన. ప్రతి శనివారం తెల్లవారకముందే వచ్చి వెనక వరండాలో పెట్టి పోతుంది. విల్మాని ఏం చేశావ్?"

"ఏం చెయ్యలేదు. అరిచాను. అరవనా? ఆరేళ్ళు చేశాను ఆవిడ దగ్గర. దుంపలు తవ్వా, కలుపు తీశా, ఆ చీటీలు కట్టా. నిన్న పిలిచి ఇంక నువ్వొద్దంది."

"ఎందుకట?"

"కొత్త మొక్క కోసం. మొగ్గ విచ్చబోతోంది, చుట్టూ ఎవరూ తిరక్కూడదట. నేను దుంప దొంగతనం చేసి అమ్ముకుంటానట. జైలుకెళ్ళొచ్చిన వాణ్ణి కదా, దేనికైనా నేనే." రూడీ చేతిలో మిగిలిన ముక్కని కిందపెట్టాడు. "అయ్యా, అప్పుడు చేసింది చేశాను, శిక్షపడింది, అనుభవించాను. ఇది నేను చెయ్యలేదు. ఈసారి లోపలికి పోతే నేను బయటికి రాను. ఆ కొత్త టోపీ ఆయనకి నేనేం చెప్పినా వినపడ్డంలేదు."

"ఆ మొగ్గ నిన్న విచ్చలేదా?"

"లేదు. చివర కొంచెం నలుపు కనపడిందంతే. ఆవిడ దాని పక్కనే కుర్చీ వేసుక్కూర్చుంది, పురిటి మంచం దగ్గర కూర్చున్నట్టు."

"విత్తనం ఎక్కడిది?"

"అది మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. మిగతావాటి తల్లీ తండ్రీ ఎవరో అడక్కుండానే చెప్పేది. దీన్ని గురించి అడిగితే నోరు ముయ్యమనేది."

వావ్రా లేచాడు. మిగిలిన కొలాచీల పొట్లం అక్కడే వదిలేశాడు.

"అయ్యా," అన్నాడు రూడీ వెనక నుంచి, "మీరైనా నమ్మారా?"

"నేను నమ్మితే సరిపోదు రూడీ," అన్నాడు వావ్రా. ఇంతకంటే మెత్తగా చెప్పే మాట దొరకలేదు.

చర్చి హాల్లో పోటీ ఆగలేదు. ఒక మనిషి చచ్చిపోయిందని పొట్టి ఐరిస్‌లు ఆగవు. పొడుగు బల్లల మీద సీసాల్లో ఒక్కో కొమ్మ, దాని ముందు పేరు కనపడకుండా మడిచిన అట్టముక్క. ఇద్దరు న్యాయనిర్ణేతలు మాట్లాడకుండా కదులుతున్నారు. ఎవరి కొమ్మో తెలిసినా తెలియనట్టే చూడాలి. మామూలప్పుడు వావ్రాకి ఆ నిశ్శబ్దం నవ్వు తెప్పించేది. ఇవాళ అందరూ ఎవరికోసమో ఎదురుచూస్తున్నట్టుంది.

చివరి బల్ల కొత్త మొక్కలది. దాని మధ్యలో ఒక సీసాలో నీళ్ళున్నాయి, పువ్వు లేదు.

"తియ్యడానికి చేతులు రాలేదు," అంది యూనిస్ బార్టెక్ పక్కకొచ్చి. ఎనభైకి దగ్గరపడ్డ మనిషి, చేతికర్ర కంటే నాలుకే ఎక్కువ వాడుతుంది. పొద్దున శవాన్ని చూసిన భయం ఇంకా కళ్ళల్లో ఉంది. "విల్మా సీసా. నిన్న మధ్యాహ్నం ఫోన్ చేసి చోటు ఉంచమంది. మీ అందరి నోళ్ళూ మూతపడేది తెస్తానంది. నలుపు మీద నీలం గడ్డం, జానెడు మొక్క! నలభై ఏళ్ళుగా మేమంతా దానికోసమే చస్తున్నాం. ఛీ, ఏం మాట వచ్చిందో చూడు నోట్లోంచి."

"ఫోన్ సంగతి ఇంకెవరికి తెలుసు?"

"అందరికీ తెలుసు. ఫోన్ పెట్టేసి నేనే గట్టిగా చెప్పాను. బల్లలు సర్దేవాళ్ళు, రొట్టెలు తెచ్చినవాళ్ళు, పియానో తుడిచే ఆవిడ, అందరూ విన్నారు. నా నోరు సంగతి నీకు తెలియందా క్లెమెంట్?"

"యూనిస్ గారూ, ఒక్కటి అడుగుతాను. పువ్వు చూశాను. దానికి ఎవరో పుప్పొడి పెట్టారు. ఏ మొక్కదో చెప్పగలరా?"

"పుప్పొడి చూసి మొక్క చెప్పడానికి నేనేమన్నా సోదె చెప్తున్నానా? అందరి పుప్పొడీ ఒకటే, పసుపో మీగడ రంగో."

"ఇది నీలంగా ఉంది."

యూనిస్ చేతికర్ర నేల మీద ఒక్కసారి టక్కుమంది. న్యాయనిర్ణేత ఒకాయన కోపంగా ఇటు చూశాడు.

"బూడిద నీలమా? పిల్లల పెన్సిలు ముక్క చెక్కితే రాలే పొడిలాగా?"

"అదే."

"నన్ను పరీక్షిస్తున్నావా, నిజంగా తెలీదా?"

"తెలీదు."

"ఆ పుప్పొడి ఈ కౌంటీలో ఒక్క మొక్కకే ఉంది. మీ ఇంట్లో ఉంది. వెనక వరండా మెట్ల పక్కన, లిబ్బీ మొక్క."

వావ్రా కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఎంత వెక్కిరించాం దాన్ని!" అంది యూనిస్. "మురికి ఊదా రంగు, నలిగిపోయిన రేకులు. గిన్నెలు కడిగిన నీళ్ళు అని పేరుపెట్టాం. దుంప ఇస్తానంటే ఒక్కరం తీసుకోలేదు. అది పువ్వు కాదే, పువ్వుకి తల్లి అనేది లిబ్బీ. దీని కడుపున నలుపు పుడుతుంది, నేను చూపిస్తాను అనేది. నవ్వాం. పాపం, ఆ ఏడే పోయింది." ఆమె ఖాళీ సీసావైపు చూసింది. చూస్తూ చూస్తూ ఆగిపోయింది. "దేవుడా! క్లెమెంట్, లిబ్బీ పోయాక ఆ కాయలు ఏం చేశావ్?"

అది వావ్రాకి బాగా గుర్తుంది. అంత్యక్రియలైన వారానికి విల్మా వచ్చింది. మొక్కల మీద ఎండిన కాయలుంటే ఊరికే రాలిపోతాయి, కోసుకుపోనా అంది. అన్నీ తీసుకుపో తల్లీ, నాకేం చేతకాదు అన్నాడు. ఆవిడ వెంటనే వంగి, చాలా జాగ్రత్తగా కోసుకుంది. ఎంత మంచి మనిషి అనుకున్నాడు.

"విల్మాకిచ్చాను."

"అయితే అది లిబ్బీ పువ్వు," అంది యూనిస్ నెమ్మదిగా. "తనదని ఇవాళ ఆ సీసాలో పెట్టబోయింది."

"ఆ పుప్పొడే మళ్ళీ దీనికెందుకు పెడతారు?"

"కొత్త పువ్వు దొరికితే మొదట చేసేదదే. బిడ్డని తల్లితో కలుపుతాం. ఆ రంగు స్థిరపడాలంటే అంతకంటే దారి లేదు. కానీ ఆ తల్లి ఎవరో తెలిసినవాళ్ళే కదా చెయ్యగలరు? నాకే ఇప్పటిదాకా తెలీదు. విల్మాకి తెలుసు, చచ్చిపోయింది. లిబ్బీకి తెలుసు..."

ఆమె మాట మధ్యలో ఆపేసింది. హాలు తలుపులోంచి తడిగాలి వచ్చి బల్లల మీది అట్టముక్కలు కొన్ని కదిలాయి.

వావ్రా ఇల్లు చేరేసరికి నాలుగు దాటింది. ముందు తలుపు జోలికి పోకుండా పక్కసందులోంచి పెరట్లోకి వెళ్ళాడు.

వరండా మెట్ల పక్కన లిబ్బీ మొక్క కుదురుగా గుబురుకట్టి ఉంది. మూడేళ్ళుగా అతను దానికి నీళ్ళు పోయలేదు, కలుపు తియ్యలేదు. అయినా ఏడాదికేడాది పూస్తూనే ఉంది. మురికి ఊదా పువ్వులు అయిదారు. అతను ఒక్కోదాని ముందూ వంగి లోపలికి చూశాడు. లోపలి సన్నటి కాడల చివర నీలం పొడి. మొదటిదాంట్లో ఉంది. రెండోదాంట్లో ఉంది. వరండాకి ఆనుకున్న పువ్వులో లేదు. మూడు కాడలూ మొదలంటా లాగేసి ఉన్నాయి. రేకులకి చిన్న గీత కూడా పడలేదు. తెలిసిన చేతులు.

ఆ పువ్వు ఉన్నచోటికి జానెడు పైన, వరండా గట్టు మీద, పొద్దున కొలాచీల పళ్ళెం ఉండింది.

వంటింట్లో గిన్నె చప్పుడైంది.

వావ్రా మోకాళ్ళ మీదే ఉండిపోయాడు. పొద్దున నిద్రలో అతనికి వెనకవైపు అడుగుల చప్పుడు వినపడింది. లిబ్బీ మొక్కల దగ్గరికి వెళ్తోందనుకుని, అటు తిరిగి పడుకున్నాడు. పూర్తిగా మెలకువ వచ్చాక ఆ ఊహకి కళ్ళు చెమ్మగిల్లాయి. ఆ అడుగులు నిజమేనని ఇప్పుడు తెలిసింది.

"క్లెమ్! ఎంతసేపు బయట? చారు చల్లారిపోతోంది," అని కేక వినపడింది.

ఆల్బీనా లిబ్బీకి అక్క, కొలాచీలు పెట్టిపోయే వదిన; అప్పుడప్పుడూ వచ్చి అతనికి వంట కూడా చేసిపెడుతుంది. భర్త పోయాక బేకరీ ఒక్కతే నడుపుతోంది. పూలంటే ఆమెకి పడదని అతను ఇన్నేళ్ళూ నమ్మాడు. గోళ్ళలో మట్టి పెట్టుకుని పిండి ఎలా పిసుకుతామే అని చెల్లెల్ని ఎప్పుడూ దెప్పేది.

అతను లోపలికొచ్చి, టోపీ తీసి, ఎప్పటి కుర్చీలోనే కూర్చున్నాడు. ఆల్బీనా గిన్నెలో చారు పోసి పిండి ఉండలు వేసింది. ఆమె చెయ్యి వణకడంలేదు. కళ్ళు మాత్రం రాత్రంతా నిద్రలేనట్టు లోపలికి పోయి ఉన్నాయి.

"విల్మా సంగతి విన్నాను," అంది. "బేకరీలో అందరూ అదే."

"ఊఁ."

"రూడీ చేశాడట కదా."

"హాగెన్ అంటున్నాడు. అయిదింటికి తీసుకెళ్తున్నాడు."

ఆల్బీనా కిటికీ దగ్గరికెళ్ళి బయటికి చూసింది. తర్వాత ఇటు తిరక్కుండానే అడిగింది.

"మళ్ళీ వాన పడేలా ఉంది. కాయ నిలబడుతుందంటావా, క్లెమ్?"

వావ్రా చెంచా కిందపెట్టాడు. తను ఏమందో ఆమెకి తెలిసింది. దాన్ని వెనక్కి తీసుకోవడానికి ప్రయత్నించలేదు.

"నీకు పూల పని రాదనుకున్నాను వదినా."

"రాదు. లిబ్బీకి వచ్చు. ఆ ఆఖరి వసంతంలో తను వంగలేకపోయింది, నీకు గుర్తుందా? నువ్వు ఆఫీసులో ఉండేవాడివి. తను వరండాలో కుర్చీలో కూర్చునేది, నేను నేల మీద. ఆ పుల్ల పట్టుకో, ఆ పెదవి మీద రాయి, ఇప్పుడు రేకులు తుంచు, అలా పారెయ్యకే మొద్దు, పేర్చి రాయి పెట్టు. నా చేతులు, దాని కళ్ళు. ఆ నల్లపువ్వు కాయ అలా పట్టింది. అది పూస్తే చూడాలక్కా అనేది. నేను చూస్తాలే అన్నాను." ఆమె నడుముకి కట్టుకున్న వంటగుడ్డ అంచుని వేళ్ళకి చుట్టుకుంటోంది. "నిన్న హాల్లో రొట్టెలు దింపుతుంటే యూనిస్ అరిచింది. నలుపు మీద నీలం అని. కాయలు ఆవిడ కోసుకుపోయిన సంగతి నాకు తెలుసు. వెళ్ళాను."

"వెళ్ళి?"

"అడిగాను. విల్మా, దానికి మా లిబ్బీ పేరు పెట్టు, ఇంకేం వద్దు అన్నాను. చచ్చినవాళ్ళు కాయలు నాటుతారా, పెంచింది నేను, నాది అంది. పట్టుకుని ఊపాను క్లెమ్. ఊపి వదిలేశాను. వెనక మెట్లున్నాయని నాకు తట్టలేదు. పడింది. లేవలేదు. నేను పరిగెత్తాను."

"పొద్దున మళ్ళీ ఎందుకెళ్ళావ్?"

"బతికుందేమోనని. రాత్రంతా ఆవిడ వానలో తడుస్తూ పిలుస్తున్నట్టే ఉంది చెవుల్లో. వెళ్ళి చూశాను. చల్లబడిపోయింది. తిరిగొస్తుంటే అది విచ్చుకుని ఉంది." ఆల్బీనా గొంతు మొదటిసారి సన్నబడింది. "ఎంత నల్లగా ఉందో! వెంటనే ఇక్కడికొచ్చాను. కొలాచీలు పెట్టాను, పుప్పొడి తీసుకున్నాను, మళ్ళీ వెళ్ళాను. కొత్త పువ్వుకి మొదటిరోజే బాగా పడుతుందని లిబ్బీ చెప్పేది."

"ఆవిడ అక్కడే ఉండగా."

"ఆవిడ అక్కడే ఉండగా. నన్ను చూస్తున్నట్టే ఉంది. అయినా చేశాను."

గడియారం నాలుగున్నర కొట్టింది. వావ్రాకి రూడీ కొలాచీ తింటున్న తీరు కళ్ళముందు కదిలింది.

"ఫోన్ చెయ్యనా వదినా?"

"జులైకి కాయ పండుతుంది," అంది ఆల్బీనా గబగబా. "అప్పటిదాకా ఆగు. కాయ చేతికొస్తే నేనే వచ్చి చెప్తాను. ఒట్టు. నేనిప్పుడు పోతే ఆ పెరడెవరు చూస్తారు? విల్మా తాలూకువాళ్ళు దున్నేస్తారు. అదొక్కటే మిగిలింది లిబ్బీది."

"రూడీ జులైదాకా ఏం చేస్తాడు?"

"వాడు అలవాటైనవాడు."

అన్నాక ఆమే సిగ్గుపడి తల దించుకుంది.

"నీ మాట తప్ప నా దగ్గర ఏముంది?" అన్నాడు వావ్రా. "హాగెన్‌కి కంటికి కనపడే రుజువు కావాలి. పువ్వు కోసుకురమ్మన్నాడు. ఆ నీలం పొడీ, ఈ మొక్కదీ పక్కపక్కన పెడితే చాలు."

అతను లేచి సొరుగు లాగాడు. లిబ్బీ చిన్న కత్తెర అందులోనే ఉంది. మూడేళ్ళుగా దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. తీసి కోటు జేబులో వేసుకుని, టోపీ పెట్టుకుని తలుపువైపు నడిచాడు.

"క్లెమ్."

అతను ఆగలేదు.

"క్లెమ్! అది కోస్తే మళ్ళీ పుట్టదు."

"తెలుసు."

"తెలిసి కోస్తావా? నీ పెళ్ళాం ప్రాణమది!"

తలుపు గొళ్ళెం మీద చెయ్యి వేసి అతను నిలబడ్డాడు. వెనక్కి తిరగలేదు. తిరిగితే తన మొహంలో ఏముందో ఆమెకి తెలిసిపోతుంది. ఎన్నో నేరాలు ఒప్పించిన మనిషి, ఇంత నీచమైన బెదిరింపు ఎప్పుడూ వాడలేదు. అది బెదిరింపో నిజమో అతనికే తెలియడంలేదు.

వెనక వంటగుడ్డ విప్పుతున్న చప్పుడైంది. మడత పెట్టి, పొయ్యి పక్కన వంకీకి తగిలించిన చప్పుడు.

"ఆ టోపీవాడికి ఫోన్ చెయ్యి," అంది ఆల్బీనా. "షిమెక్‌ని కారెక్కించొద్దని చెప్పు. నేనే వస్తున్నాను. నా నోటితో నేను చెప్తే పువ్వు కోయక్కర్లేదు కదా?"

"అక్కర్లేదు."

"నేను కాగితం మీద సంతకం పెట్టేదాకా కత్తెర బయటికి తియ్యకు."

వావ్రా ఫోన్ అందుకున్నాడు. అవతల హాగెన్ విసుగ్గా ఏదో అంటుంటే పూర్తిగా విని, ఆ తర్వాత రెండే మాటలు చెప్పి పెట్టేశాడు. ఆల్బీనా కోటు తొడుక్కుని, చారు గిన్నె మీద మూత పెట్టి, పొయ్యి ఆర్పింది. వరండాలోకి వచ్చాక మెట్ల పక్కన మురికి ఊదా పువ్వుల ముందు ఒక్క క్షణం ఆగింది.

రేకు మీద మొదటి చినుకు పడింది.

"దానిమీద ఏదైనా కప్పావా?" అంది.

"గాజు జాడీ బోర్లించాను."

"గాలి ఆడుతుందా?"

"అంచు కింద పుల్ల పెట్టాను."

ఆల్బీనా తలూపి, కారు దాకా నడిచి, తనే తలుపు తీసుకుని వెనక సీట్లో కూర్చుంది.